వెనకట్ట మీద రాసింది

పుస్తకం వెనక అట్ట మీద నాలుగు ముక్కలు రాయడం అతని ఉద్యోగం. అందుకని ఆ ప్రచురణ సంస్థలో అందరూ అతన్ని వెనకట్ట అనే పిలిచేవాళ్ళు. మొదట్లో చిరాకుపడ్డాడు, తర్వాత అలవాటుపడ్డాడు, ఇప్పుడు ఫోనెత్తితే తనే "వెనకట్టనండీ" అంటున్నాడు.

ఆ సంస్థ రెండే రకాల పుస్తకాలు వేసేది. ఒకటి దేవుడి పుస్తకాలు, రెండోది దేవుడితో పని లేకుండా బాగుపడిపోయే పుస్తకాలు. యజమాని గదిలో వాటికి చెరొక బీరువా ఉండేది. మొదటి బీరువా చచ్చాక పనికొస్తుందనీ, రెండోది చచ్చేలోపు పనికొస్తుందనీ, రెండూ కలిపి తనకు ఇప్పుడే పనికొస్తున్నాయనీ యజమాని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. ఆయన సిద్ధాంతం ఒకటే. కొట్లో నిలబడి ఎవడూ లోపల చదవడు, తిరగేసి వీపు చూస్తాడు. వీపు నచ్చితే కొంటాడు, కొన్నాక వాడి ఖర్మ.

వీపు సంగతి చూసుకోవడంలో మనవాడు ఆరితేరినవాడు. పుస్తకం చదవడం మాత్రం ఎప్పుడో మానేశాడు. విషయసూచిక చూసేవాడు, మొదటి పేరా చూసేవాడు, ఓపికుంటే ఆఖరి పేజీ తిప్పేవాడు. తర్వాత టీ తాగేవాడు. టీ అయ్యేలోపు వాక్యాలు వాటంతటవే వచ్చి నిలబడేవి. నిద్ర పట్టనివాడికి నిద్ర ఇస్తానంటే చాలు, మాట వినని పిల్లలున్నవాళ్ళకు మాట వినే పిల్లల్ని ఇస్తానంటే చాలు, ఏమీ లేనివాడికి మనశ్శాంతి ఇస్తానంటే చాలు. ఎవరికి ఏది లేదో కనిపెట్టి అది ఇస్తానని చెప్పడమే ఈ విద్య. ఇవ్వాల్సిన పని ఎటూ మనది కాదు.

పాఠకులంటే అతనికి పరమ చులకన. వాళ్ళు కొనేది పుస్తకం కాదని అతని లెక్క, రేపటి నుంచి మారిపోతానన్న మాట కొనుక్కుంటారు. సంచీలో పుస్తకం వేసుకుని ఇంటికెళ్ళేసరికే సగం మారిపోయినట్టు ఉంటుంది వాళ్ళకు. మిగతా సగం ఆ పుస్తకం దిండు పక్కన పెట్టుకుని పడుకుంటే అయిపోతుంది. మూడోరోజుకు అదే పుస్తకం మీద టీ గ్లాసు పెడతారు.

రచయితలంటే ఇంకా చులకన. కోపాన్ని జయించడం ఎలాగో చెప్పిన పెద్దమనిషి ప్రూఫుల్లో ఒక తప్పు దొరికిందని కాగితాల కట్ట కంపోజింగు అమ్మాయి ముఖాన కొట్టాడు. హాయిగా నిద్రపోవడం గురించి రాసిన డాక్టరు తెల్లారకముందే ఫోన్ చేసి, తనకు రాత్రంతా కంటి మీద కునుకు లేదు, అట్ట రంగు మార్చండి అన్నాడు. అహంకారం వదలమని మూడొందల పేజీలు బోధించిన మహానుభావుడు, ముందు అట్ట మీద తన ఫొటో దేవుడి బొమ్మకంటే చిన్నదైందని అలిగి వెళ్ళిపోయాడు. అతన్ని బుజ్జగించడానికి దేవుణ్ణే కాస్త తగ్గించాల్సి వచ్చింది.

ఈ కథలన్నీ వెనకట్ట రంజుగా చెప్పేవాడు, వినేవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. కాకపోతే వెక్కిరించాలన్నా ముందు చదవాలి కదా అని అతన్ని ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళు కూడా చదివే రకం కాదు.

ఒక్క ముసలాయన మాత్రం అడిగాడు. ఆయన పుస్తకం పేరు 'మంచం పక్కన దీపం'. దిక్కులేని రోగుల్ని చూసుకునే ఒక ఆశ్రమంలో జీవితమంతా గడిపి, చివర్లో కూర్చుని తన దేవుడి గురించీ తన రోగుల గురించీ రాసుకున్నాడు. విషయసూచికలో వెనకట్టకు 'ఒకే చేయి' అన్న అధ్యాయం పేరు కంటబడింది. ఇంకేం, ఎంత వీలుగా ఉంది! టీ సగం కూడా తాగకముందే రాసేశాడు: "మంచం పట్టిన మనిషికి వందమంది అక్కర్లేదు, ఒకే చేయి చాలు. పంచుకున్న సేవ పలచబడిపోతుంది. ఆ ఒక్క చేయి మీదైతే మీ జన్మ ధన్యం. ఈ పుస్తకం చదివాక మీకు అలసట అంటే ఏమిటో తెలియదు."

పుస్తకం వచ్చిన రోజు ముసలాయన ఆఫీసుకొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, వెనక అట్ట రెండుసార్లు చదువుకున్నాడు. ఇది తన పుస్తకమేనా, వేరేవాళ్ళ అట్ట వేశారా అని మెల్లిగా అడిగాడు. 'ఒకే చేయి' అధ్యాయం చదివారా బాబూ అని కూడా అడిగాడు.

"చదవకుండా రాస్తామా అండీ?" అన్నాడు వెనకట్ట.

మీది లోపల భద్రంగా ఉందిగా, బయటిది మాకు వదిలేయండి అని యజమాని ఆయనకు టీ తెప్పించాడు. ముసలాయన టీ తాగకుండానే లేచి వెళ్ళాడు. ఆయన తలుపు దాటగానే, ఈ దేవుడి మనుషులకు నోట్లో వేలు పెడితే కొరకడం రాదు గానీ బేరం మాత్రం వచ్చు అని వెనకట్ట ఒక జోకు వేశాడు. ముసలాయన ఏ బేరమూ ఆడలేదు. అయినా అందరూ నవ్వారు.

*

వెనకట్టకు ఒక అక్క ఉంది. బళ్ళో లెక్కలు చెబుతుంది. పెళ్ళి మాటెత్తితే నవ్వేసి కాపీలు దిద్దుకుంటూ కూర్చునే మనిషి. వీళ్ళ నాన్న వీధివీధీ తిరిగి కరెంటు మీటర్లు చదివి పిల్లలిద్దర్నీ పెంచాడు. అంత తిరిగిన కాళ్ళు ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి, కళ్ళు కూడా మసకబారాయి. అప్పటి నుంచి ఆయన అక్క దగ్గరే. లేపడం, స్నానం చేయించడం, తినిపించడం, పొద్దున బడికెళ్ళేముందు పక్కింటావిడను బతిమాలుకుని వెళ్ళడం, అన్నీ ఆవిడే. తమ్ముడు నెలకోసారి పళ్ళు పట్టుకుని వెళ్ళేవాడు. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అంటారు గానీ అక్క మెత్తనిది కాదు, ఓపిక గలది. ఆ తేడా తమ్ముడికి తెలిసేది కాదు.

ఒక సాయంత్రం బడి నుంచి నేరుగా తమ్ముడింటికి వచ్చింది అక్క. చేతి సంచీలో దిద్దాల్సిన కాపీలు, వేలికి ఎర్ర సిరా. తనను హెడ్‌మిస్ట్రెస్‌ని చేశారని చెప్పింది. బడి దూరంగా కొండ మీద ఉంది, ఇచ్చే ఇంటికి నిట్టనిలువు మెట్లు, నాన్న చక్రాల కుర్చీ ఎక్కదు. ఒక విద్యా సంవత్సరం అక్కడ చేస్తే మళ్ళీ ఇటు బదిలీ అడగొచ్చు. వద్దంటే ఈ అవకాశం మళ్ళీ రాదు, నెలాఖరులోగా జవాబివ్వాలి. ఇన్నేళ్ళలో అక్క తనకోసం ఒకటి అడగడం ఇదే మొదలు.

"ఏడాదిపాటు నాన్నను నీ దగ్గర ఉంచుకోరా. ఉంచుకుంటావా లేదా, అదొక్కటి చెప్పు చాలు," అంది.

అదొక్కటి తప్ప అన్నీ చెప్పాడు తమ్ముడు. లిఫ్టు ఎప్పుడు ఆగిపోతుందో తెలియదన్నాడు. ఉన్న ఒక్క గదీ పుస్తకాల పెట్టెలతో నిండిపోయిందన్నాడు. ముసలివాళ్ళను చోటు మారిస్తే బెంగపెట్టుకుంటారన్నాడు. "మీ మరదలికి మోకాళ్ళు కూడా అంతంతమాత్రమే అక్కా," అన్నాడు. వంటింట్లో గ్లాసులు కడుగుతున్న అతని భార్య ఒక్క క్షణం కుళాయి కట్టేసి, మళ్ళీ తిప్పింది.

కాలికి వేస్తే మెడకూ, మెడకు వేస్తే కాలికీ వేస్తున్న ఆ మాటల్ని అక్క అడ్డుపడకుండా వింది. లెక్క తప్పుతున్న పిల్లవాణ్ణి చివరిదాకా చేయనిచ్చి అప్పుడు దిద్దడం ఆవిడ పద్ధతి.

మాటలు అయిపోయేసరికి వెనకట్ట లేచి, పెట్టెలోంచి ఒక కొత్త పుస్తకం తీసి అక్క చేతిలో పెట్టాడు. మంచం పక్కన దీపం. నీకోసమే రాసినట్టుంటుంది, చదువు, నీ మనసే మారిపోతుంది అన్నాడు. అక్క తిరగేసి వెనక అట్ట చదివింది.

"నువ్వు రాసిందేనా?"

"ఊఁ."

"లోపల కూడా ఇదే ఉందా?"

"లోపల ఇంకా బాగుంటుంది."

అక్క పుస్తకాన్ని కాపీల మధ్య పెట్టుకుని వెళ్ళిపోయింది. చోటు అడిగిన మనిషికి పుస్తకమిచ్చి పంపిన ఆ ఘనుడు సోఫాలో కాళ్ళు చాపుకుని, గండం గడిచిందనుకున్నాడు. భార్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నా మోకాళ్ళకు ఏమైంది?" అని అడిగింది.

ఆవిడ కళ్ళజోళ్ళ కొట్లో పగలంతా నిలబడి పనిచేసే మనిషి. ఆ మోకాళ్ళకు ఏమీ కాలేదని ఇద్దరికీ తెలుసు. మాటవరసకు అన్నాను లెమ్మని అతను టీవీ పెట్టాడు.

మర్నాడు ఆఫీసులో ఈ సంగతి కూడా రంజుగా చెప్పాడు. సొంత అక్క మీదే ప్రయోగించాను, వీపు మహిమ అంటే అదీ అన్నాడు. అది ఆఫీసులో ఉచితంగా ఇచ్చిన ప్రతి అని తెలిసి, అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుందని యజమాని పడిపడి నవ్వాడు. కంపోజింగు అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆ పుస్తకం అక్షరం అక్షరం కొట్టింది ఆ అమ్మాయే. ఏదో అనబోయి, ఈయనతో మనకెందుకని ఊరుకుంది.

వారం తిరక్కుండా అక్క ఫోన్ చేసింది. నాన్న బాగానే ఉన్నాడంది, పుస్తకం నాన్నకు చదివి వినిపిస్తున్నానంది. తర్వాత 'ఒకే చేయి' అధ్యాయం నువ్వు చదివావా అని అడిగింది.

"చదవకుండా రాస్తామా అక్కా?" అన్నాడు.

సరే అని పెట్టేసింది. ఆ సరేని వెనకట్ట తనకు కావలసినట్టు అర్థం చేసుకున్నాడు. పుస్తకం పనిచేసింది, అక్క మనసు కుదుటపడింది, ఇక కొండ మీది బడి మాట ఎత్తదు. పాపం, కొంచెం జాలి కూడా వేసింది. ఎంత చదువుకున్నా వీపుకు పడిపోనివాళ్ళు ఉండరు కదా అనుకున్నాడు. ఈసారి పళ్ళు రెండు రకాలు తీసుకెళ్ళాలని కూడా అనుకున్నాడు.

ఆ వారంలోనే భార్య గదిలోని పెట్టెలన్నీ ఒక్కొక్కటీ బాల్కనీలోకి చేర్చింది. చెదలు పడుతున్నాయంది. గది కడిగించింది, కిటికీకి కొత్త తెర కట్టింది. ఇల్లు శుభ్రంగా ఉంటే ఎంత బాగుందో అని వెనకట్ట మెచ్చుకున్నాడు. మెచ్చుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఒక్క పెట్టె కూడా పట్టుకోలేదు.

*

నెలాఖరు ఆదివారం పొద్దున తలుపు కొట్టిన చప్పుడైంది. తీసేసరికి ఎదురుగా నాన్న, చక్రాల కుర్చీలో, ఒళ్ళో ఒక సంచీతో. వెనక అక్క. ఆవిడ వెనక ఒక పెట్టె, మడత మంచం మోస్తున్న వ్యాను డ్రైవరు. లిఫ్టు బ్రహ్మాండంగా పనిచేసింది.

తమ్ముడు పక్కకు తప్పుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. అక్క కుర్చీని తిన్నగా ఆ గదిలోకి తోసుకెళ్ళింది. అక్కడ కిటికీ పక్కన మంచానికి చోటు తయారుగా ఉంది, మందులు పెట్టడానికి చిన్న బల్ల కూడా ఉంది. భార్య ముందే వెళ్ళి దుప్పటి పరుస్తోంది.

"చెప్పాపెట్టకుండా ఇదేంటక్కా?" అన్నాడు చివరికి.

"నాకు చెప్పారు," అంది భార్య, దుప్పటి అంచు సర్దుతూ. "నా మోకాళ్ళు ఎలా ఉన్నాయో కనుక్కుందామని వదిన ఫోన్ చేశారు. అప్పుడు చెప్పారు."

అక్క ఏ మందు ఎప్పుడో మరదలికి చెప్పలేదు, తమ్ముణ్ణి పిలిచి తమ్ముడికే చెప్పింది. ఎలా లేపాలో, ఏ వైపు తిప్పి పడుకోబెట్టాలో చేసి చూపించి, అతని చేత కూడా చేయించింది. నాన్న చంకల కింద చేతులేసి ఎత్తేసరికి వెనకట్టకు ఊపిరి అందలేదు. ఇంత బరువుంటాడని అతనికి తెలియదు. అక్క రోజూ ఎన్నిసార్లు ఎత్తేదో అడగాలనిపించి, అడగడానికి ముఖం చెల్లలేదు.

అంతా అయ్యాక అక్క సంచీలోంచి పుస్తకం తీసి అతని చేతిలో పెట్టింది. వెనక అట్ట పైకుంది. అతను రాసిన నాలుగు వాక్యాల కింద ఎర్ర సిరాతో గీతలున్నాయి. వాటి కింద, బడి పిల్లల కాపీల మీద రాసే గుండ్రటి అక్షరాలతో, ఇలా ఉంది: "అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. పాఠం చదవకుండా రాసినది." పక్కన సున్నా చుట్టి ఉంది.

"మొత్తం చదివానురా, రెండుసార్లు," అంది అక్క. "మంచి పుస్తకం. నీ అట్ట మీద ఉన్న ముక్క లోపల ఎక్కడా లేదు. ఆ పెద్దాయన రాసింది చదివాకే, కొండ మీది బడికి వెళ్తానని ఉత్తరం రాసిచ్చాను. అందుకు మాత్రం నీకు థాంక్స్ చెప్పాలి."

అలా అని నాన్న నుదుటి మీద చేయి వేసింది. ఆ చేయి తీయడానికి కొంచెంసేపు పట్టింది. కళ్ళు తడిశాయి గానీ మాట తడవలేదు. పరీక్షల సెలవుల్లో వస్తానని చెప్పి, మరదల్ని కౌగిలించుకుని, వ్యాను డ్రైవరు వెంట మెట్లు దిగి వెళ్ళిపోయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని వెనకట్టే ఎందరి గురించో అని ఉంటాడు. ఇప్పుడా మాట అతనికి గుర్తు రాలేదు, తలే నొప్పిగా ఉంది.

భార్య కొట్టుకు వెళ్ళే వేళయింది, ఆదివారమే వాళ్ళకు గిరాకీ ఎక్కువ. తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ఇంట్లో తండ్రీ కొడుకూ మిగిలారు. ఏం మాట్లాడాలో తెలియక వెనకట్ట నాన్న ఒళ్ళో పెట్టుకొచ్చిన సంచీ తీసి చూశాడు. అన్నీ పుస్తకాలే. రెండు ప్రార్థనల పుస్తకాలు, చీమల గురించి ఒకటి, సముద్రం అడుగున ఏముంటుందో చెప్పేది ఒకటి, నక్షత్రాలవి రెండు. ప్రార్థనల పుస్తకాలు రెండింటికీ వీపు అతను రాసిందే. అతని నోరు ఊరుకోలేదు.

"ఇన్ని విని ఏం ఒరిగింది నాన్నా? దేవుడు కనిపించాడా, కాళ్ళు వచ్చాయా?"

నాన్న మసక కళ్ళతో గొంతు వినిపించిన వైపు చూశాడు.

"ఏమీ రాలేదురా," అన్నాడు. "చదివినంతసేపూ పక్కన ఒక మనిషి కూర్చుంటారు. చీమల సంగతైనా సరే, దేవుడి సంగతైనా సరే. ఆ మనిషి చెప్పేది వింటుంటే, ఈ కాళ్ళు నావని గుర్తుండదు."

ఇన్నేళ్ళుగా జనానికి నిద్రా, శాంతీ, మోక్షమూ ఇస్తానని రాసినవాడికి, పక్కన కూర్చునే మనిషిని ఇస్తానని రాయాలని ఒక్కసారీ తోచలేదు. సిగ్గేసింది. అతనికి సిగ్గు అలవాటు లేదు, అందుకని ముందు అది కోపమే అనుకున్నాడు. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు కూడా.

"మీ అక్క ఈ వేళకు చదివేది," అన్నాడు నాన్న. "ఆ దీపం పుస్తకం తియ్యి."

వెనకట్ట కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. చేతిలో పుస్తకం తిరగబడి ఉంది, అలవాటు కొద్దీ వెనక నుంచే మొదలుపెట్టాడు. "మంచం పట్టిన మనిషికి వందమంది..."

"అది నువ్వు రాసిందిలే, విన్నాను," అన్నాడు నాన్న. "లోపలిది చదువు. 'ఒకే చేయి' అని ఉంటుంది చూడు."

పేజీ వెతుక్కున్నాడు. అంచుల్లో అక్క పెట్టిన ఎర్ర టిక్కులున్నాయి. ఇది అక్క చదివేసిందిగా నాన్నా, మీరు వినేశారుగా అన్నాడు, ఆఖరిసారి తప్పించుకోవడానికి.

"నేను విన్నాను. నువ్వు చదవలేదు," అన్నాడు నాన్న.

చదవడం మొదలుపెట్టాడు. ఇతరుల మాటలు పైకి చదివి ఎన్నేళ్ళయిందో, మొదటి వాక్యంలోనే రెండుసార్లు తడబడ్డాడు. ముసలాయన వాక్యాలు చిన్నవి, అలంకారాలు లేవు, దాక్కోవడానికి ఎక్కడా చోటు లేదు. "రోగిని ఒకే చేతికి వదిలేసిన ఇంట్లో మంచాలు రెండు పడతాయి. రెండోది ఆ చేతిది. ఆ చేతిని అందరూ మెచ్చుకుంటారు. జాగ్రత్తగా చూడండి, మెచ్చుకునేవాళ్ళందరూ తమ చేతులు రెండూ వెనక దాచుకుని ఉంటారు."

అక్కడ ఆగిపోయాడు. కిటికీ తెర కదిలింది. కింద ఎక్కడో ఏదో బండి హారన్ వినిపించింది.

"ఆపావేం?" అన్నాడు నాన్న. "మీ అక్క ఇక్కడ ఆపలేదు."